చీటీ రాసిన తర్వాత: బడిపిల్లల వైద్య పరీక్షల గురించి

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, తోటి వైద్యులకు, నర్సులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాల పిల్లల వైద్య పరీక్షల గురించి మాట్లాడమన్నారు. ఏళ్ల తరబడి బడుల్లో పిల్లల్ని చూస్తున్న డాక్టరుగా నాకు ఈ విషయంలో ఒకటే బాధ. పరీక్ష చేస్తాం, రిజిస్టరు నింపుతాం, ‘ఆసుపత్రిలో చూపించాలి’ అని చీటీ రాసి పిల్లవాడి చేతిలో పెడతాం. మరుసటి ఏడాది అదే బడికి వెళ్తే అదే పిల్లవాడు, అదే చెవిలో చీముతో వరసలో నిలబడి ఉంటాడు. రిజిస్టరు చూస్తే ఆ బడిలో పరీక్షలు నూటికి నూరు శాతం జరిగాయి. పిల్లవాడికి మాత్రం ఒరిగిందేమీ లేదు. అందుకే ఇవాళ పరీక్షలు ఎలా చేయాలో చెబుతూనే, చీటీ రాసిన తర్వాత ఏం జరగాలన్న దాని మీదికి మళ్లీ మళ్లీ వస్తాను. విసుక్కోకండి.

ఈ చిక్కు ఇవాళ పుట్టింది కాదు. బడికి డాక్టరును పంపాలన్న ఆలోచన 19వ శతాబ్దం నాటిది. 1874లో బ్రస్సెల్స్ నగరం ఇందుకు పద్ధతి ప్రకారం ఏర్పాటు చేసింది. 1894లో అమెరికాలోని బోస్టన్‌లో డిఫ్తీరియా అనే గొంతు అంటువ్యాధి భయంతో మొదలుపెట్టారు. 1898లో జపాన్ బడి వైద్యుల వ్యవస్థను తెచ్చింది. 1909లో బరోడాలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు జరిగాయి. మొదట్లో ఎక్కువ చోట్ల అందరి దృష్టీ అంటువ్యాధుల మీదే. డాక్టరు వస్తాడు, జబ్బు ఉన్న పిల్లల్ని ఏరి ఇంటికి పంపేస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోయినట్టే.

అలా ఏరి పంపేస్తే ఏమవుతుందో 1902లో న్యూయార్క్ చూసింది. ఆ ఏడు తనిఖీ కట్టుదిట్టం చేశారు. కళ్లలో ట్రకోమా అనే అంటుజబ్బు, తలలో పేలు, చర్మం మీద తామర, గజ్జి, ఏది కనబడినా పిల్లను ఇంటికి పంపడమే. ఒక్క సెప్టెంబరులోనే పది వేల మందికి పైగా పిల్లలు అలా బడికి దూరమయ్యారు. చాలామంది వలస వచ్చిన పేద కుటుంబాల వాళ్లు. డాక్టరు రాసిచ్చిన చీటీ భాష తల్లికి రాదు. భాష వచ్చినా ఏ మందు వేయాలో, ఎక్కడికి వెళ్లాలో తెలియదు. పిల్లలు వారాల తరబడి వీధిలోనే ఉండిపోయారు.

అప్పుడు ఆ పేద వాడల్లో పనిచేస్తున్న లిలియన్ వాల్డ్ అనే నర్సు అధికారులతో ఒక మాట అన్నారు. మా నర్సును ఒక నెల పంపిస్తాం, ఏం జరుగుతుందో చూడండి అని. అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడుల బాధ్యత తీసుకున్నారు. ఆమె చేసిన పనిలో గొప్ప విద్య ఏమీ లేదు. పుండ్లు కడిగి కట్టు కట్టడం, కళ్లలో మందు వేయడం, పిల్లను మళ్లీ తరగతిలో కూర్చోబెట్టడం. సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లి, తల్లి పక్కన కూర్చుని, మందు ఎలా రాయాలో చేసి చూపించడం. మరుసటి ఏడాది సెప్టెంబరుకి ఇంటికి పంపిన పిల్లల సంఖ్య సుమారు 1,100కి పడిపోయింది. జబ్బులు అవే, నగరం అదే. చీటీకీ, ఆ పిల్ల ఇంటికీ మధ్య నడిచే మనిషి ఒకరు వచ్చారు, అంతే తేడా.

ఇంగ్లండులో చట్టమే చేశారు. బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో ఎంతోమంది శరీర దారుఢ్యం లేక తిరస్కరణకు గురికావడంతో కలవరం పుట్టి, 1904లో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. 1907 చట్టంతో బడిపిల్లల వైద్య పరీక్ష తప్పనిసరి అయింది. అయితే పరీక్ష తప్పనిసరి అయింది కానీ వైద్యం తప్పనిసరి కాలేదు. దానికి 1918 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండు చట్టాల మధ్యకాలంలో మార్గరెట్ మెక్‌మిలన్ లాంటివాళ్లు పట్టుబట్టి, బడిపిల్లల కోసమే క్లినిక్‌లు తెరిచారు. 1910లో డెట్‌ఫోర్డ్‌లో ఆమె పెట్టిన క్లినిక్ అలాంటిదే. లోపం కనిపెట్టి ఊరుకోవడం అన్యాయమని ఆనాడే గట్టిగా నమ్మిన మనిషి ఆమె.

ఇక అసలు పరీక్షల దగ్గరికి వస్తాను. కళ్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మనం తేలిగ్గా పట్టుకోగలిగి కూడా ఎక్కువగా వదిలేస్తున్నవి కళ్లే.

చూపు తక్కువున్న పిల్లవాడు ‘నాకు కనబడటం లేదు’ అని చెప్పడు. పుట్టినప్పటి నుంచీ వాడికి లోకం అలాగే కనబడుతోంది. అందరికీ అలాగే కనబడుతుందనుకుంటాడు. ఒక కన్ను బాగుండి ఇంకో కన్ను బాగా లేకపోతే మరీ కష్టం. మంచి కన్ను పని నడిపించేస్తుంది, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా మెదడు ఆ రెండో కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని యాంబ్లియోపియా అంటాం. మామూలుగా లేజీ ఐ అంటారు. ఏడేళ్లలోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయడంతో చాలావరకు చూపు తెచ్చుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. ఒకటో తరగతిలో చేసే కంటి పరీక్ష ఐదో తరగతిలో చేసే పరీక్షతో సమానం కాదని నేను పదేపదే అనేది ఇందుకే.

పరీక్ష చూడటానికి సులువే. 1862లో డచ్ డాక్టరు స్నెల్లెన్ తయారుచేసిన చార్టు పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. 6 మీటర్ల దూరం. 6/12 అంటే, మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివే వరసను ఈ పిల్ల 6 మీటర్ల దగ్గరకొస్తే తప్ప చదవలేకపోతోందని అర్థం. అక్షరాలు రాని పిల్లలకు ఇంగ్లీషు ‘E’ ఆకారం గుర్తున్న చార్టు పెట్టి, దాని కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమంటాం.

అయితే పొరపాట్లు జరిగేది చిన్న చిన్న చోట్ల. పిల్లల్ని చార్టు ఎదుటే వరసలో నిలబెడతాం. ముందున్న పిల్లవాడు గట్టిగా చదువుతుంటే వెనకున్న పదిమందికీ చార్టు కంఠతా వచ్చేస్తుంది. బాగా చదివే పిల్ల, టీచర్ మెచ్చుకోవాలని ఆశపడే పిల్ల, కనబడకపోయినా గడగడా అప్పజెప్పేస్తుంది. అందుకని వరస గది బయటే ఉండాలి, ఒక్కొక్కరినే లోపలికి పిలవాలి, వరసలో అక్షరాలను ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి అడగాలి. ఇంకొకటి, కన్ను మూసుకోమంటే పిల్లలు వేళ్లు అడ్డం పెట్టుకుంటారు, ఆ సందుల్లోంచి చూస్తారు. మోసం చేద్దామని కాదు, తప్పు చెప్తే ఏమంటారోనన్న టెన్షన్. అరచెయ్యి గిన్నెలా వంచి, కంటిని నొక్కకుండా మూయాలి. లేదా అట్టముక్క వాడాలి. పక్క నుంచి ఒక మనిషి ఆ చేతినే గమనిస్తూ ఉండాలి. కళ్లు చికిలించి చూసి చదివిన వరసను లెక్కలోకి తీసుకోకూడదు.

లోపం తేలింది, అద్దాలు వచ్చాయి. ఇక్కడితో అయిపోయిందని అనుకుంటాం. మూడు నెలల తర్వాత వెళ్లి చూడండి. కొందరి అద్దాలు సంచిలో ఉంటాయి, కొందరివి ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటాయి. పగిలిపోతాయని తల్లి దాచిపెడుతుంది. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని పిల్ల తీసేస్తుంది. అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గిపోతుందని పెద్దవాళ్లు భయపెడతారు. ఆ భయానికి ఆధారం లేదు. పైగా చైనాలో దగ్గరచూపే ఉన్న, అంటే దూరంలో ఉన్నవి సరిగా కనబడని పిల్లలకు ఉచితంగా అద్దాలిచ్చి, ఇవ్వని బడులతో పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. అద్దాలు అందిన పిల్లలకు లెక్కల పరీక్షలో మార్కులు మెరుగయ్యాయి. అద్దాలు వచ్చిన రోజున టీచర్ తరగతిలో ఒక మంచి మాట అంటే, ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి రోజూ ‘అద్దాలేవమ్మా?’ అని అడిగితే, ఆ ఫలితం మన బడిలోనూ వస్తుంది. అది కళ్ల డాక్టరు చేయలేని పని.

అద్దాల అవసరమే రాకుండా చూడటం కూడా కొంతవరకు బడి చేతిలో ఉంది. చైనాలోనే గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లల్ని ఆరుబయటికి పంపారు. మూడేళ్లలో కొత్తగా దగ్గరచూపు వచ్చినవాళ్లు ఆ బడుల్లో సుమారు 30 శాతం, మిగతా బడుల్లో సుమారు 40 శాతం. 2015లో అచ్చయిన ఫలితాలివి. సిలబస్ పూర్తి కాలేదని ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చే హెడ్మాస్టర్లకు ఈ అంకెలు చూపించండి.

చెవుల సంగతి. ‘ఎన్నిసార్లు పిలిచినా పలకడు, మొద్దులా కూర్చుంటాడు’ అని మీరు ఫిర్యాదు చేసే పిల్లవాడిని తిట్టే ముందు వాడి చెవులు చూపించండి. ఈ వయసులో తరచూ జలుబు చేస్తుంది. దాంతో కర్ణభేరి వెనక నీరు చేరి జిగటగా నిలిచిపోతుంది. నొప్పి ఉండదు, బయటికి ఏమీ కారదు. వినికిడి మాత్రం మందగిస్తుంది. అదీ ఒక వారం ఎక్కువగా, ఒక వారం తక్కువగా. మొన్న విన్నవాడు ఇవాళ వినకపోతే పొగరు అనుకుంటాం. ఎక్కువమందికి మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, తగ్గనివాళ్లను చెవి డాక్టరు చూడాలి. ఇక చీము కారే చెవి అయితే ఆగడానికి వీల్లేదు. చెవి కారడం చిన్నపిల్లల్లో మామూలేనన్న మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. అది మామూలు కాదు. చాలాసార్లు కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది. అందులో నూనె పోయడం, పుల్లలు పెట్టడం అస్సలు చేయకూడదు.

పళ్ల దగ్గర ఒక్క విషయం పట్టుబట్టి చెబుతాను. ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వరస చివర, వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు. అందుకే వచ్చిందని ఎవరికీ తెలియదు. తెలిసినా పాలపన్నే అనుకుంటారు, పుచ్చితే ఊడిపోయి కొత్తది వస్తుందిలే అని ఊరుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. నమలడంలో బరువంతా మోసేది అదే. నమిలే భాగంలో లోతైన గాడులుండటం వల్ల త్వరగా పుచ్చేదీ అదే. ఒకటో తరగతి, రెండో తరగతి తల్లిదండ్రులను పిలిచి, పిల్ల నోరు తెరిపించి, ఆ పన్నును వేలితో చూపించండి. ఒకసారి చూసిన తల్లి బ్రష్‌ను అక్కడిదాకా తీసుకెళ్తుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేత మాత్రమే తోమించకూడదు, పెద్దవాళ్ల చెయ్యి పడాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు.

ఎత్తు, బరువు చూడటమంటే అందరికీ చిన్నచూపు. అంకె వేసి పక్కన పెట్టేస్తారు. ఒక్కసారి కొలిచిన ఎత్తు చెప్పేది తక్కువ, ఏటేటా కొలిచిన ఎత్తు చెప్పేది చాలా ఎక్కువ. ఐదేళ్ల నుంచి యవ్వనం మొదలయ్యేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే కారణం వెతకాలి. థైరాయిడ్ లోపం కావచ్చు, పేగుల జబ్బు కావచ్చు, కిడ్నీ జబ్బు కావచ్చు, ఇంట్లో కడుపు నిండకపోవడం కావచ్చు. బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి, నెత్తి మీద జడ ముడి ఉంటే విప్పించి కొలిస్తేనే ఆ ఏడాది తేడా నిజమైన తేడా అవుతుంది. ఏడాదికి రావలసింది ఐదు సెంటీమీటర్లయితే జడ ముడి ఒక్కటే రెండు సెంటీమీటర్ల తేడా తెచ్చేస్తుంది. వచ్చిన అంకెలను 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ఇచ్చిన ఎదుగుదల పట్టికల మీద గుర్తు పెట్టండి. అప్పుడు గీత వంగుతోందా లేదా అన్నది టీచర్‌కి కూడా కనబడుతుంది.

రక్తహీనత, నులిపురుగులు, గజ్జి, పేల గురించి మీకు చాలామంది చెప్పి ఉంటారు, నేను ఎక్కువ చెప్పను. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11.5 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనతే. నులిపురుగులకు ఆల్బెండజోల్ మాత్ర పనిచేస్తుంది, కానీ బడిలో మరుగుదొడ్డి, చేతులకు సబ్బు లేకపోతే పురుగులు మళ్లీ వస్తాయి. గజ్జికి పిల్ల ఒక్కదానికే మందు రాస్తే లాభం లేదు, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. పేలు ఉన్నాయని ఏ పిల్లనూ బడి నుంచి పంపకండి. పేలతో ప్రాణం పోదు. నలుగురిలో పేరు పెట్టి పిలిచి పంపేస్తే ఆ అవమానం పిల్ల మనసులో చాలాకాలం ఉంటుంది.

మరుగుదొడ్డి అన్నాను కాబట్టి ఇంకో మాట. బడిలో దొడ్డి బాగా లేక ఉదయం నుంచి నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని కూర్చునే ఆడపిల్లలు ఉన్నారు. మలబద్ధకం, మూత్రంలో మంట, తరచూ కడుపునొప్పి అని మా దగ్గరికి వస్తారు. మందు రాస్తాం. ఆ పిల్లలకు నిజానికి కావలసింది గడియ పడే తలుపు, బకెట్టులో నీళ్లు. వైద్య పరీక్షకు వచ్చిన బృందం పిల్లలతో పాటు బడి దొడ్లను కూడా పరీక్షించి రాయాలని నా గట్టి అభిప్రాయం.

ఏడాదికొక్కసారి వచ్చే డాక్టరు ఎప్పటికీ చూడలేనివి కొన్ని ఉన్నాయి. వాటిని చూసే మనిషి టీచరే. పాఠం మధ్యలో పిల్ల ఉన్నట్టుండి మాట ఆపేస్తుంది. పదిసెకన్లు శూన్యంలోకి చూస్తుంది, కనురెప్పలు కొట్టుకుంటాయి. పిలిస్తే పలకదు. మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. రోజుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. పరధ్యానం అని తొడపాశం పెడతాం. అది ఒక రకం మూర్ఛ కావచ్చు, అబ్సెన్స్ సీజర్స్ అంటారు. నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతుంది, మందులకు బాగా లొంగుతుంది. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఉలిక్కిపడి ఇటు తిరుగుతుంది, మూర్ఛలో ఉన్న పిల్ల తిరగదు. ఈ తేడా గమనించి ఫోన్లో వీడియో తీసి, తల్లిదండ్రులకు మాత్రమే ఇవ్వండి. అది డాక్టరుకు చాలా పనికొస్తుంది.

అలాగే కొన్ని వారాలుగా పీరియడ్‌కి రెండుసార్లు ‘టీచర్, బయటికెళ్లొస్తా’ అంటున్న పిల్లవాడు, సీసాలో నీళ్లన్నీ తాగేసి పక్కవాడి సీసా అడుగుతున్నవాడు, బాగా తింటున్నా బట్టలు వదులైపోతున్నవాడు మీ తరగతిలో ఉంటే, ఏడాది పరీక్షల దాకా ఆగకండి. ఆ రోజే తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ఆ రోజే రక్తంలో షుగర్ చూపించమనండి. పిల్లల్లో వచ్చే టైప్ 1 డయాబెటిస్ ఇలాగే మొదలవుతుంది. వాంతులు, ఆయాసం, మగత దాకా వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. అలా సకాలంలో వచ్చిన ఒక పిల్లవాడిని నేను చూశాను. వాడి టీచర్ అన్న మాట ఒకటే, ‘వీడు ఇలా ఉండడు సార్’ అని. అంత గమనిస్తే చాలు.

అన్నీ వెతకాలి, ఎన్ని పరీక్షలు చేస్తే అంత మంచిది అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. నేను ఒప్పుకోను. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ఇలాంటి పరీక్షలకు కొన్ని సూత్రాలు రాశారు. జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, ముందే పట్టుకుంటే మేలు ఉండాలి, పట్టుకున్నాక వైద్యం, దాన్ని అందించే చోటు ఉండాలి. ఇవి లేకుండా వెతికితే తల్లిదండ్రులకు నిద్ర పట్టకుండా చేయడమే అవుతుంది. పది రకాల పరీక్షలు చేసి ఒక్కదానికీ వైద్యం చూపించలేని బడి కన్నా, కళ్లు, చెవులు, పళ్లు, ఎదుగుదల మాత్రమే చూసి ప్రతి పిల్లకూ వైద్యం అందేదాకా వెంటపడే బడి నా దృష్టిలో ఎంతో మేలు.

వెంటపడటం ఎలా? చీటీ పిల్ల చేతికివ్వకండి. తల్లినో తండ్రినో పిలిచి ఇవ్వండి. కుదరకపోతే ఫోన్ చేసి, ఇస్తున్నామని చెప్పండి. ‘తదుపరి పరీక్షకు పంపడమైనది’ అన్న ఒక్క ముక్క రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఏం కనబడింది, ఏ డాక్టరు దగ్గరికి, ఏ ఆసుపత్రికి, ఏ వారంలో, ఏ వేళకు వెళ్లాలి, వెళ్లకపోతే ఏమవుతుంది, ఇవన్నీ ఆ తల్లి చదివే భాషలో ఉండాలి. చీటీ కింద సగం చింపుకోవడానికి వీలుగా ఉండాలి. ఆసుపత్రి డాక్టరు అందులో ఏం చేశారో రాసిస్తే అది తిరిగి బడికి రావాలి. పిల్ల ఆరోగ్య విషయాలు తరగతిలో పైకి చదవకండి, నోటీసు బోర్డు మీద పెట్టకండి. బరువు చూసేటప్పుడు అంకె అరవకండి, రాసుకోండి చాలు.

రిజిస్టరులో ఇప్పుడున్న గడుల పక్కన మూడు గడులు గీయండి. ఆసుపత్రికి వెళ్లిన తేదీ, వాళ్లు చేసింది ఏమిటి, మూడు నెలల తర్వాత మనం మళ్లీ చూసినప్పుడు ఎలా ఉంది. ఈ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుందో పేరు పెట్టి తేల్చండి. అందరి బాధ్యత అంటే ఎవరూ చూడరు. నెలకొకసారి స్టాఫ్ మీటింగులో పది నిమిషాలు, ఖాళీగా ఉన్న గడుల గురించి మాత్రమే మాట్లాడండి. ఆ తల్లి ఎందుకు వెళ్లలేకపోయింది? కూలి పోతుందనా, బస్సు లేదనా, భయమా? కారణం తెలిస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. నలుగురైదుగురు పిల్లల్ని కలిపి ఒకే రోజు ఒక టీచరో, ఒక తల్లో తీసుకెళ్లిన బడులున్నాయి. అలాంటి చోట గడులు నిండుతాయి.

నేను తెచ్చిన చార్టు ఆ గోడకు పెట్టారు. 6 మీటర్లు టేపుతో కొలిచి సుద్దముక్కతో గీత గీశారు. ఇప్పుడు టీచర్లు ఇద్దరిద్దరుగా వచ్చి ఒకరికొకరు పరీక్ష చేసి చూడండి. వరస మాత్రం తలుపు బయటే ఉండాలి.